69 ఎంట్రీలు, 7 గోల్స్: మెల్‌బోర్న్ డీమన్స్ దాడిలో ఏళ్ల తరబడి మిగిలిపోయిన లోపం

ముందు ఒక స్కోరు చూడండి. 2023 సెప్టెంబర్ 7, ఎంసీజీలో ఏఎఫ్ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) క్వాలిఫయింగ్ ఫైనల్. కాలింగ్‌వుడ్ 9 గోల్స్, 6 బిహైండ్స్, మొత్తం 60. మెల్‌బోర్న్ డీమన్స్ 7 గోల్స్, 11 బిహైండ్స్, మొత్తం 53. ఏడు పాయింట్ల తేడా కదా, ఎవరైనా గెలిచి ఉండొచ్చు అనుకుని వదిలేయొచ్చు. కానీ బంతిని అవతలి గోల్‌కి 50 మీటర్ల లోపలికి ఎవరు ఎన్నిసార్లు పంపారో చూస్తే మాత్రం వదిలేయలేం. డీమన్స్ 69 సార్లు, కాలింగ్‌వుడ్ 37 సార్లు. దాదాపు రెట్టింపు సార్లు లోపలికి వెళ్లి మరీ ఓడిపోయారు.

నేను మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లలో ఒక చిన్న క్లబ్‌కి వీడియో విశ్లేషణ చేస్తాను. వారమంతా ఐటీ ఉద్యోగం, శనివారం మ్యాచ్, ఆదివారం ల్యాప్‌టాప్ ముందు ఆ మ్యాచ్‌ని ముక్కలు ముక్కలుగా కోసి పేర్లు పెట్టడం. మా టీమ్‌కి సరిగ్గా ఇదే జబ్బు ఉండటంతో డీమన్స్ ఆటలు మళ్లీ మళ్లీ చూడాల్సి వచ్చింది. 2021లో ఛాంపియన్లైన టీమ్ ఆ తర్వాత ఒకే రకంగా ఎందుకు ఓడుతూ వచ్చిందో నాకు అర్థమైన మేరకు రాస్తున్నాను. టూకీగా నా వాదన ఇదీ: వాళ్లని గెలిపించిన పద్ధతీ, ఓడించిన పద్ధతీ రెండు కావు, ఒకటే. అందుకే లోపం అందరికీ కనిపిస్తున్నా దిద్దడం కష్టమైంది.

ఆట తెలియనివాళ్లకి కాస్త చెప్పాలి (ఇక్కడ స్థిరపడిన మనవాళ్లలో కూడా చాలామంది ఇంకా "రగ్బీయేనా అది?" అంటారు, కాదు). కోడిగుడ్డు ఆకారంలో పెద్ద మైదానం, బాక్సింగ్ డే టెస్ట్ టీవీలో చూసినవాళ్లు ఎంసీజీని గుర్తు తెచ్చుకుంటే చాలు. ఒక్కో టీమ్‌కి 18 మంది. ఆఫ్‌సైడ్ లేదు, ఎవరు ఎక్కడైనా నిలబడొచ్చు. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. మధ్య రెండింటి లోంచి కాలితో కొడితే గోల్, 6 పాయింట్లు. పక్క సందులోంచి వెళ్తే బిహైండ్, 1 పాయింట్. 15 మీటర్లకి తగ్గకుండా వచ్చిన కిక్‌ని కింద పడకుండా పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు, అప్పుడు ఎవరూ మీద పడకుండా నింపాదిగా తన్నుకోవచ్చు. గోల్ ముందు 50 మీటర్ల గీత ఉంటుంది, దాని లోపలికి బంతి వెళ్తే ఒక ఎంట్రీ. ఈ కథలో ప్రధానమైన లెక్క అదే.

ఇప్పుడు 2021కి వెళ్దాం. కోవిడ్ ఆంక్షల వల్ల ఆ ఏడాది గ్రాండ్ ఫైనల్ మెల్‌బోర్న్‌లో జరగలేదు, పెర్త్‌లో జరిగింది. వెస్టర్న్ బుల్‌డాగ్స్ మీద డీమన్స్ 140–66తో గెలిచి, 1964 నుంచి ఎదురుచూస్తున్న ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్) 57 ఏళ్ల తర్వాత ఇంటికి తెచ్చుకున్నారు. మూడో క్వార్టర్‌లో 19 పాయింట్లు వెనకబడి ఉన్న టీమ్ చివరికి 74 పాయింట్ల తేడాతో గెలిచింది. బేలీ ఫ్రిచ్ 6 గోల్స్ కొట్టాడు, క్రిస్టియన్ పెట్రాకా 39 సార్లు బంతి అందుకుని, గ్రాండ్ ఫైనల్లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకం గెలిచాడు.

ఆ టీమ్ ఆడే తీరు చాలా సూటిగా ఉండేది. వెనక స్టీవెన్ మే, జేక్ లీవర్. ప్రత్యర్థి ఎత్తుగా కొట్టిన ప్రతి బంతినీ గాల్లోనే అందుకునే మనుషులు. బంతి దొరికాక రిస్క్ తీసుకోరు, బౌండరీ గీత వెంబడి పొడుగ్గా కొడతారు. అక్కడ మాక్స్ గాన్ ఉంటాడు, రెండు మీటర్లు దాటిన రక్‌మన్ (బంతిని మళ్లీ ఆటలోకి వేసినప్పుడు ఎగిరి తనవాళ్ల వైపు తట్టేవాడు). పట్టుకుంటే మంచిదే, పట్టకపోతే బంతి బయటికి పోతుంది, త్రో-ఇన్ అవుతుంది (అంపైర్ బంతిని తిరిగి లోపలికి విసురుతాడు), మళ్లీ గాన్ చెయ్యి మీదుగా క్లేటన్ ఆలివర్‌కో, పెట్రాకాకో, జాక్ వైనీకో. గుంపులో బంతి లాక్కోవడంలో ఆ ముగ్గురిని మించినవాళ్లు అప్పట్లో తక్కువ. వాళ్లు ముందుకు కొడతారు, లోపల దొరక్కపోయినా ఫర్వాలేదు, ఎందుకంటే మొత్తం టీమ్ పైకి జరిగి గోడ కట్టి ఉంటుంది, బంతి బయటికి రాగానే మళ్లీ మే, లీవర్ అందుకుని మళ్లీ లోపలికి పంపుతారు. ప్రత్యర్థి ఊపిరాడక అలసిపోయేదాకా ఇదే.

ఈ పద్ధతితో 2021 చివరి నుంచి 2022 మొదలు దాకా వరుసగా 17 మ్యాచ్‌లు గెలిచారు. 2022 మొదటి పది మ్యాచ్‌లూ గెలిచాక ఫ్రీమాంటిల్, సిడ్నీ, కాలింగ్‌వుడ్ వరుసగా ఓడించాయి. ఫైనల్స్‌లో (లీగ్ దశ ముగిశాక జరిగే మ్యాచ్‌లు) సిడ్నీ చేతిలో 22 పాయింట్లతో, తర్వాతి వారం బ్రిస్బేన్ చేతిలో 13 పాయింట్లతో ఓడారు. టాప్ ఫోర్‌లో ముగిస్తే రెండు అవకాశాలొస్తాయి, ఆ రెండూ వరుసగా పోగొట్టుకుంటే ఇక్కడ "స్ట్రెయిట్ సెట్స్" అని ఎగతాళి చేస్తారు. 2023లోనూ అదే జరిగింది. కాలింగ్‌వుడ్ తర్వాత సెమీఫైనల్లో కార్ల్‌టన్ చేతిలో 73–71. చివరి నిమిషాల్లో బ్లేక్ ఏకర్స్ గోల్ కొట్టి వాళ్ల ఇళ్లలో దీపం ఆర్పేశాడు.

ఆ రెండు 2023 మ్యాచ్‌లనీ అందరూ ఒకే గాటన కట్టారు, "గోల్ కొట్టడం చేతకాదు" అని. నాకు మాత్రం అవి రెండు వేరు మ్యాచ్‌లు.

కార్ల్‌టన్ మ్యాచ్ చూడండి. డీమన్స్ 9 గోల్స్ 17 బిహైండ్స్, అంటే 26 స్కోర్లు. కార్ల్‌టన్ 11 గోల్స్ 7 బిహైండ్స్, 18 స్కోర్లు. ఇక్కడ అవకాశాలు వచ్చాయి, తన్నడంలో పోయాయి. ఆ పదిహేడులో ఒక్కటి అటువైపు తిరిగినా సెమీఫైనల్ వేరేగా ముగిసేది. ఇందులో కొంత దురదృష్టం ఉందంటే ఒప్పుకుంటాను.

కాలింగ్‌వుడ్ మ్యాచ్ అలా కాదు. 69 ఎంట్రీల్లో 18 స్కోర్లు, అంటే నూటికి 26. కాలింగ్‌వుడ్ 37 ఎంట్రీల్లో 15 స్కోర్లు, నూటికి 40 పైన. గోల్స్ లెక్కన చూస్తే వీళ్లకి పది ఎంట్రీలకి ఒక గోల్, వాళ్లకి నాలుగింటికి ఒకటి. 69లో యాభై దాకా ఎంట్రీల వల్ల ఒక్క పాయింట్ కూడా రాలేదు. ఇది కాలి గురి సమస్య కాదు, షాట్ దాకా వెళ్లనే లేదు. గోల్ కిక్కింగ్ కోచ్‌ని ఎంతమందిని పెట్టినా ఈ మ్యాచ్ మారదు. కాబట్టి మొదట విడగొట్టాల్సింది ఇదే: షాట్ వచ్చి పోయిందా, అసలు రాలేదా. మా క్లబ్‌లో కూడా ఓడిన ప్రతిసారీ ప్రాక్టీస్‌లో అందరినీ వరసగా నిలబెట్టి గోల్ షాట్లు కొట్టించేవాళ్లు, ఎంత కొట్టించినా మ్యాచ్‌లో తేడా వచ్చేది కాదు.

సరే, షాట్ ఎందుకు రాలేదు?

నేను ప్రతి ఎంట్రీకి నాలుగు విషయాలు రాసుకుంటాను. బంతి ఎక్కడి నుంచి బయల్దేరింది (మైదానం మధ్య నుంచా, బౌండరీ పక్క నుంచా), కొట్టినవాడి మీద ఒత్తిడి ఉందా లేదా, లోపల ఎవరికి కొట్టాడు (పరుగెత్తి వస్తున్న ఒక మనిషికా, గుంపు మీదకి ఎత్తుగానా), చివరికి ఏమైంది. ఐదోది కూడా ఉంది కానీ టీవీ వీడియోతో కుదరదు: బంతి వెళ్లే సమయానికి ప్రత్యర్థి డిఫెండర్లు ఎంతమంది సర్దుకుని ఉన్నారు. టీవీ కెమెరా పక్క నుంచి, బంతి వెంబడే తిరుగుతుంది, అవతలి చివర ఎవరు ఎక్కడున్నారో చూపించదు. క్లబ్బుల దగ్గర గోల్ వెనక నుంచి తీసిన వీడియో ఉంటుంది, మనకి దొరకదు. అందుకే వీలైనప్పుడల్లా స్టేడియంలో గోల్ వెనక పై వరసలో టికెట్ కొనుక్కుంటాను. చవక కూడా. ఆట అసలు రూపం అక్కడి నుంచే తెలుస్తుంది, సెంటర్ లైన్ దగ్గర ఖరీదైన సీట్లో కూర్చుంటే తెలియదు.

అలా చూస్తే డీమన్స్ ఎంట్రీల్లో ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ వస్తుంది. బౌండరీ పక్కన త్రో-ఇన్, గుంపులో ఆలివరో వైనీయో బంతి లాక్కుంటారు, నలుగురు మీద పడుతుండగా హడావిడిగా కాలితో ముందుకు తోసేస్తారు. బంతి గాల్లో ఎత్తుగా లేచి గోల్‌కి పక్కన ఉండే మూల, అంటే పాకెట్‌లో దిగుతుంది. అప్పటికే అక్కడ డీమన్స్ ఫార్వర్డ్‌లు ముగ్గురూ, వాళ్ల చుట్టూ ఐదారుగురు డిఫెండర్లూ. పండగ రద్దీలో ఆర్టీసీ బస్సు డోర్ దగ్గర వేలాడే జనంలా అందరూ ఒకేచోట, గోల్ ముందు మాత్రం ఖాళీ. ఎవడో ఒకడు పిడికిలితో బంతిని బయటికి కొట్టేస్తాడు. ఒకవేళ మనవాడే పట్టుకున్నా ఆ మూల నుంచి గోల్ స్తంభాల మధ్య సందు సన్నగా కనిపిస్తుంది. బిహైండ్స్ పెరగడానికి కూడా సగం కారణం అదే, కాబట్టి కార్ల్‌టన్ మ్యాచ్‌ని కూడా పూర్తిగా దురదృష్టం ఖాతాలో వేయలేను.

కాలింగ్‌వుడ్‌కి ఇది ముందే తెలుసు. డార్సీ మూర్ లాంటి కెప్టెన్ వెనక ఉన్నప్పుడు ఎత్తుగా వచ్చే బంతి కానుక కింద లెక్క. మే, లీవర్ మిగతా టీమ్‌లని ఏ రకంగా ఇబ్బంది పెట్టారో మూర్ డీమన్స్‌ని అదే రకంగా పెట్టాడు. పైగా డీమన్స్ టీమ్ అంతా పైకి వచ్చేసి ఉండటంతో వెనక వంద మీటర్ల ఖాళీ. కాలింగ్‌వుడ్ వేగంగా తిరగబడితే ఆ కొద్ది ఎంట్రీలూ ఖాళీ మైదానంలోకి వెళ్లినవే. 37 ఎంట్రీలకి 9 గోల్స్ అలా వచ్చాయి.

ఇక్కడే ఎంట్రీల సంఖ్య మనల్ని మోసం చేస్తుంది. 69 అంటే ఆధిపత్యం అనిపిస్తుంది. కానీ లోపలికి వెళ్లిన బంతి గోల్ అయితే ఆట మళ్లీ మధ్యలో మొదలవుతుంది, గోల్ కాక బయటికొస్తేనే మళ్లీ లోపలికి పంపే పని పడుతుంది. అంటే 69లో చాలా భాగం మొదటి ఎంట్రీ పాడైనందుకు వచ్చిన రెండో ఎంట్రీ, మూడో ఎంట్రీ. ప్రతి తిరుగు ఎంట్రీకీ అవతల డిఫెన్స్ ఇంకాస్త గట్టిగా సర్దుకుని ఉంటుంది. ఆ సంఖ్య పెరగడమే జబ్బు లక్షణం. టీవీ వ్యాఖ్యాతలు "ఎంట్రీల్లో వీళ్లే ముందు" అన్నప్పుడల్లా నాకు చిరాకు.

మరి 2021లో ఇదే ఆట గోల్స్ ఎలా ఇచ్చింది? నేను ఎక్కువసేపు తలబద్దలు కొట్టుకున్న ప్రశ్న ఇది. నా సమాధానం సెంటర్ బౌన్స్‌లో, అంటే మైదానం మధ్యలో బంతి వేసి ఆట మొదలుపెట్టడంలో ఉంది. 2019లో లీగ్ 6-6-6 అని ఒక నియమం పెట్టింది. క్వార్టర్ మొదట్లో, ప్రతి గోల్ తర్వాత మధ్యలో బంతి వేసేటప్పుడు ప్రతి టీమ్‌లో ఆరుగురు వెనక, ఆరుగురు మధ్యలో, ఆరుగురు ముందు ఉండి తీరాలి. అంటే ఆ ఒక్క క్షణం మాత్రం గోల్ ముందు ఆరుగురికి ఆరుగురే, అదనపు డిఫెండర్ లేడు, చుట్టూ బోలెడంత ఖాళీ. గ్రాండ్ ఫైనల్ మూడో క్వార్టర్ చివర్లో వచ్చిన ఉప్పెన మళ్లీ చూడండి. గోల్, సెంటర్ బౌన్స్, గాన్, పెట్రాకా, ఆలివర్, లోపలికి, గోల్, మళ్లీ సెంటర్ బౌన్స్. హడావిడిగా తోసిన బంతే, కానీ నియమం పుణ్యమా అని అది పడినచోట జనం లేరు. ముందు ఫ్రిచ్, బెన్ బ్రౌన్, టామ్ మెక్‌డొనాల్డ్ మంచి ఫామ్‌లో ఉన్నారు కూడా.

అంటే డీమన్స్ ఖాళీని సృష్టించుకునే టీమ్ ఎప్పుడూ కాదు, ఇచ్చిన ఖాళీని వాడుకునే టీమ్. ఆ తేడా గెలిచే ఏడాదిలో ఎవరికీ కనిపించదు, నాకూ కనిపించలేదు, కనిపించాల్సిన అవసరమూ రాలేదు.

తర్వాత వాళ్లేం చేశారు? ముందు మనుషుల్ని మార్చి చూశారు. మెక్‌డొనాల్డ్, బ్రౌన్ గాయాలతో వెనకబడ్డారు, ల్యూక్ జాక్సన్ ఫ్రీమాంటిల్ వెళ్లిపోయాడు. కాలింగ్‌వుడ్ నుంచి బ్రోడీ గ్రండీని తెచ్చారు, మరో పెద్ద రక్‌మన్, ఇద్దరిలో ఒకరు వంతులవారీగా ముందు ఆడాలని ఆలోచన. ఎత్తుగా కొట్టిన బంతులు పోతున్నాయి కాబట్టి ఇంకో ఎత్తైనవాణ్ణి పెడదాం అన్న లెక్క అనిపించింది నాకు. పని చేయలేదు. గ్రండీ ఫైనల్స్ నాటికి టీమ్‌లో లేడు, సీజన్ అయ్యాక సిడ్నీకి వెళ్లిపోయాడు. డిఫెండర్ హారిసన్ పెటీని ముందుకు తెచ్చారు, అది బాగానే కుదిరేలా ఉండగా సీజన్ చివర్లో అతనికి పాదం గాయం. కుర్రాడు జేకబ్ వాన్ రూయెన్ కార్ల్‌టన్ మ్యాచ్‌కి సస్పెన్షన్‌లో ఉన్నాడు. కాబట్టి మనుషుల కొరత నిజమే, కాదనను. కానీ ఆ పాకెట్‌లో గుంపు మీదకి దిగే బంతిని ఎవరు మాత్రం ఎన్నిసార్లు పట్టగలరు?

2024, 2025 గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఆ రెండేళ్లలో ఆటని మిగతా విషయాల నుంచి విడదీయడం కష్టం. ఆ కాలింగ్‌వుడ్ మ్యాచ్‌లోనే తలకి దెబ్బ తగిలిన ఆంగస్ బ్రేషా 2024 ఫిబ్రవరిలో రిటైర్ అయ్యాడు. పెట్రాకా ఆ జూన్‌లో తీవ్రంగా గాయపడి ఆసుపత్రి పాలయ్యాడు. టీమ్ 14వ స్థానంలో ముగిసింది. 2025లో బంతిని కాస్త వేగంగా, మధ్యలోంచి తీసుకెళ్లే ప్రయత్నం కనిపించింది, కానీ మొదటి ఐదు మ్యాచ్‌లూ ఓడిపోయారు. మధ్యలోంచి ఆడితే పొరపాటు జరిగినచోటే ప్రత్యర్థికి ఎదురుగా గోల్ ఉంటుంది. బౌండరీ వెంట పోగొట్టుకున్న బంతికీ, మధ్యలో పోగొట్టుకున్న బంతికీ కట్టాల్సిన ధర వేరు. ఏళ్ల తరబడి ఒకే దారికి అలవాటుపడ్డ కాళ్లు కొత్త దారిలో తడబడతాయి, ఆ తడబాటు కాలంలోనే కోచ్ ఉద్యోగం ఊడుతుంది. సైమన్ గుడ్విన్ విషయంలో అదే జరిగింది, 2025 ఆగస్టు మొదటి వారంలో.

దానికి కాస్త ముందు సెయింట్ కిల్డాతో మ్యాచ్ గురించి మాత్రం ఆగి చెప్పాలి. మూడో క్వార్టర్ అయ్యేసరికి డీమన్స్ 46 పాయింట్లు ముందున్నారు. దాదాపు ఎనిమిది గోల్స్. ఆఖరి విరామానికి అంత వెనకబడిన టీమ్ గెలవడం ఈ లీగ్ చరిత్రలో అంతకుముందు ఎప్పుడూ లేదు. సెయింట్ కిల్డా గెలిచింది. ఆఖరి సెకన్లలో నసాయా వాంగనీన్-మిలేరా గోల్‌తో స్కోరు సమం. సెంటర్ బౌన్స్‌కి రాగానే డీమన్స్ 6-6-6 నియమం తప్పారని ఫ్రీ కిక్ ఇచ్చారు (మొదటిసారికి హెచ్చరికతో వదిలేస్తారు, తర్వాత ఫ్రీ కిక్). ఆ బంతి నేరుగా మళ్లీ వాంగనీన్-మిలేరా చేతుల్లోకి, సైరన్ తర్వాత గోల్.

అందరూ ఆ ఫ్రీ కిక్ గురించే మాట్లాడారు. నాకు అంతకుముందు పావుగంట ముఖ్యం. ప్రత్యర్థి వరుసగా గోల్స్ కొడుతున్నప్పుడు ఆటని చంపేయడం ఒక విద్య: మార్క్ పట్టి, దగ్గర దగ్గరగా చిన్న కిక్‌లతో బంతిని మన చేతుల్లోనే తిప్పుతూ, గడియారాన్ని నడిపించడం. గట్టి టీమ్‌లు దీన్ని విడిగా సాధన చేస్తాయి. డీమన్స్ ఆ రోజు కూడా ప్రతిసారీ పోటీ పెట్టుకుని పొడుగ్గా కొట్టారు. మధ్యలో బంతి గెలిచినంతకాలం అది బ్రహ్మాండమైన పద్ధతి. గెలవడం ఆగిన రోజు చేతిలో రెండో పనిముట్టు లేదు. పాకెట్ సమస్యా ఇదీ వేరువేరుగా కనిపిస్తాయి కానీ ఒకే వేరు నుంచి వచ్చినవని నా అభిప్రాయం.

ఇక మా క్లబ్‌లో ఏం చేశామో. మావాళ్లు డీమన్స్ స్థాయి కాదు సరికదా, వాళ్ల నీడ స్థాయి కూడా కాదు, కానీ లోపం అదే: బలమైన మిడ్‌ఫీల్డ్, బోలెడు ఎంట్రీలు, స్కోరు లేదు. ముందు సైడ్‌లైన్ బోర్డు మీద ఎంట్రీల లెక్క తీయించాను. దాని బదులు ఎంట్రీకి ఎన్ని పాయింట్లు వచ్చాయో రాయించాం. ఇది చిన్న మార్పులా ఉంటుంది కానీ కుర్రాళ్లు కొట్టే ముందు ఒక్క క్షణం తల ఎత్తి చూడటం మొదలుపెట్టారు, ఎందుకంటే ఊరికే లోపలికి తన్నితే లెక్క తగ్గుతుంది.

తర్వాత ప్రాక్టీస్‌లో సగం మైదానం ఆట. డిఫెన్స్‌కి ఒక మనిషి ఎక్కువ. పాకెట్‌లో పడిన బంతి ఏదైనా సరే అవతలివాళ్లకే. మొదట్లో అందరూ తిట్టుకున్నారు, బౌండరీ పక్క నుంచి బంతి దొరికినవాడికి కొట్టడానికి చోటే లేనట్టు అనిపించేది. మెల్లగా వాళ్లంతట వాళ్లే దారి వెతుక్కున్నారు: ముందుకి కాకుండా 45 డిగ్రీల కోణంలో లోపలి వైపుకి చిన్న కిక్, అక్కడ మనిషి మార్క్ పడితే ఇప్పుడు గోల్ ఎదురుగా ఉంది, తీరిగ్గా చూసి రెండో కిక్. ఫార్వర్డ్‌లకి కూడా నియమాలు పెట్టాం. ఒకడు గోల్ ముందే ఉండాలి, ఏం జరిగినా కదలకూడదు. ఇద్దరు వ్యతిరేక దిశల్లో లీడ్ చేయాలి, అంటే డిఫెండర్ని వదిలించుకుని బంతి కోసం పరుగెత్తాలి. చిన్నవాడు గుంపులో దూరకూడదు, గుంపు ముందు, బంతి రాలిపడే చోట నిలబడాలి. అన్నిటికన్నా కష్టమైంది ఆ మొదటిది. ముందు నిలబడి బంతి రాక విసుగెత్తిన ఫార్వర్డ్ బంతి వైపు పరుగెత్తుకొస్తాడు, వస్తూ వెంట తన డిఫెండర్ని కూడా తెచ్చి గుంపులో కలుపుతాడు.

ఫలితం సగం సగం. ఎంట్రీలు తగ్గాయి, ఎంట్రీకి స్కోరు పెరిగింది. కానీ ఆ 45 డిగ్రీల కిక్ తప్పినప్పుడల్లా ఎదురు గోల్ పడింది, వర్షం పడే రోజుల్లో మరీ ఎక్కువ. జులైలో బురద మైదానం మీద ఆ కిక్ ఆడమనడం మొండితనమే, అలాంటి రోజు పాత పద్ధతికే వెళ్లాం, బౌండరీ వెంట కొట్టి నెట్టుకొచ్చాం. మా కోచ్ మొదట్నుంచీ అన్నదే అది: "కొత్తది నేర్పు, పాతది మర్చిపోనివ్వకు." ఏ రోజు ఏది ఆడాలో మైదానం మీద ఎవరు నిర్ణయించాలన్న దగ్గర మాకింకా పేచీ ఉంది. నేను డిఫెండర్లలో ఒకడికి అప్పగించాలంటాను, వాడికే మైదానమంతా కనిపిస్తుంది. ఆయన మిడ్‌ఫీల్డ్ కెప్టెన్ చేతిలోంచి తీయనంటాడు.

డీమన్స్ వైపు 2025 తర్వాత అంతా మారింది. స్టీవెన్ కింగ్ కొత్త కోచ్, పెట్రాకా గోల్డ్ కోస్ట్‌కి, ఆలివర్ జీడబ్ల్యూఎస్‌కి (గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ) వెళ్లిపోయారు. గుంపులో బంతి లాక్కునే పెద్ద చేతులు రెండూ పోయాయి కాబట్టి ఎంట్రీల సంఖ్య తగ్గితే నేను కంగారుపడను. వాళ్ల మ్యాచ్ చూసేటప్పుడు నా షీట్‌లో మొదట నింపేది రెండే: ఎంట్రీ కిక్ మైదానం ఏ వైపు నుంచి వెళ్లింది, ఆ సమయానికి గోల్ ముందు ఎవరైనా ఒంటరిగా నిలబడి ఉన్నారా.